వేడెక్కిన సముద్రంలోకి కవళ్లు ఎలా తిరిగి వచ్చాయి? ఉపరితల ఉష్ణోగ్రతకూ చేపల రాబడికీ మధ్య ఉన్న చిక్కుముడి

కేరళలో మత్తి అనీ చాళ అనీ పిలిచే నూనె కవళ్లు 2012లో ఆ రాష్ట్ర తీరంలో సుమారు 3.9 లక్షల టన్నులు ఒడ్డుకు చేరాయి. 2021లో అదే తీరంలో అదే చేప మూడున్నర వేల టన్నులకు మించలేదు. నూరు బుట్టలు దిగిన రేవులో ఒక్క బుట్ట కూడా నిండనంత పతనం అది. సముద్రం వేడెక్కడం వల్లే కవళ్లు మాయమయ్యాయని అప్పట్లో చాలామంది రాశారు, అందులో కొంత నిజమూ ఉంది. అయితే 2024 నాటికి ఆ రాబడి మళ్లీ లక్షన్నర టన్నుల దరికి చేరింది. ఈ మధ్యకాలంలో సముద్రం చల్లబడలేదు సరికదా, 2023, 2024 సంవత్సరాలు ప్రపంచ సముద్రాల ఉపరితల ఉష్ణోగ్రతల్లో కొత్త రికార్డులు నెలకొల్పాయి. వేడి వల్ల పోయిన చేప అంతకంటే ఎక్కువ వేడిలో ఎలా తిరిగి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు ఉష్ణోగ్రత అనే అంకె దేన్ని చెబుతుందో, దేన్ని చెప్పదో తెలుసుకోవాలి. ఆ తర్వాత పెరూ, జపాన్, కాలిఫోర్నియా తీరాల దాకా వెళ్లి రావాలి. ఎందుకంటే ఈ చిక్కుముడిని వంద సంవత్సరాలుగా విప్పుతూ, మళ్లీ ముడివేసుకుంటూ వచ్చింది ప్రధానంగా ఆ తీరాల వాళ్లే.

కొలిచేది పైపొరనే

సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత అంటే సముద్రపు పైపొర వేడి. వేల మీటర్ల లోతున్న నీటికి అది పైన పరచిన పలుచని దుప్పటి లాంటిది. ఒకప్పుడు నావికులు బకెట్‌తో నీరు తోడి అందులో థర్మామీటరు పెట్టి చూసేవారు. తర్వాత ఓడ ఇంజను చల్లబరచడానికి లోపలికి తీసుకునే నీటి ఉష్ణోగ్రతను రాసుకున్నారు. 1980ల నుంచి ఉపగ్రహాలు పరారుణ కిరణాల ద్వారా కొలుస్తున్నాయి. ఈ మూడు పద్ధతులూ ఒకే జవాబు ఇవ్వవు. గుడ్డ బకెట్‌లో తోడిన నీరు డెక్ మీదికి వచ్చేలోగా ఆవిరై చల్లబడుతుంది, ఇంజను గదికి చేరిన నీరు కాస్త వేడెక్కుతుంది. ఉపగ్రహం మిల్లీమీటరు కూడా లేని పైచర్మాన్నే చూస్తుంది. 1945 ప్రాంతంలో ప్రపంచ సముద్రాలు ఒక్కసారిగా చల్లబడినట్టు పాత రికార్డుల్లో కనిపించిన దిగుడు నిజానికి యుద్ధం ముగిశాక కొలతలు తీసుకునే ఓడలూ వాటి పద్ధతులూ మారినందువల్ల ఏర్పడిందని చాలా ఏళ్ల తర్వాత గుర్తించారు.

మన తీరాలకు సంబంధించిన ఇబ్బంది మరొకటుంది. పరారుణ కిరణాలు మబ్బును దాటలేవు. అరేబియా సముద్రంలో చేపలకు అత్యంత కీలకమైన నెలలు నైరుతి రుతుపవనాల నెలలే, ఆకాశం నిండా మబ్బు ఉండేదీ అప్పుడే. మబ్బుల్లోంచి చూడగల సూక్ష్మతరంగ పరికరాలు ఉష్ణమండల సముద్రాల మీద అందుబాటులోకి వచ్చింది 1990ల చివర్లోనే. కాబట్టి వానాకాలపు కేరళ తీరం గురించి మనకున్న నాణ్యమైన ఉపగ్రహ చరిత్ర ఒక తరం కంటే పాతది కాదు.

ఒకే గీతలో కలిసిపోయిన కదలికలు

శాస్త్రవేత్తలు నేరుగా ఉష్ణోగ్రతను కాక, దాని విచలనాన్ని చూస్తారు. ఒక చోట మే నెలకు ముప్ఫై ఏళ్ల సగటు 29.5 డిగ్రీలు అనుకుందాం. ఈ ఏడాది మే నెలలో అక్కడ 30.1 డిగ్రీలు ఉంటే విచలనం 0.6. ఇలా చేస్తే ఏటా వచ్చిపోయే ఎండా వానల తేడా లెక్కలోంచి తొలగి, అసాధారణంగా మారినదేదో అది మాత్రమే మిగులుతుంది.

మిగిలిన ఆ గీతలోనూ కనీసం మూడు కదలికలు కలిసి ఉంటాయి. మొదటిది రెండు నుంచి ఏడేళ్లకొకసారి పసిఫిక్‌ నీటిని వెచ్చబరుస్తూ తలెత్తే ఎల్‌నినో, దానికి ఎదురైన లానినా. హిందూ మహాసముద్రంలో తూర్పు, పడమర భాగాల మధ్య ఊగే డైపోల్ కూడా ఈ కోవలోనిదే, దాన్ని 1999లో భారతీయ శాస్త్రవేత్తలు ఉన్న బృందం వివరించింది. రెండవది ఇరవై, ముప్ఫై ఏళ్ల పాటు ఒకవైపు మొగ్గి తర్వాత రెండోవైపు తిరిగే నిదానపు ఊగిసలాట. ఉత్తర పసిఫిక్‌లో దీన్ని పసిఫిక్ దశాబ్ద డోలనం అంటారు. మూడవది భూతాపం వల్ల ఒకే దిశలో సాగే పెరుగుదల. 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది, అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల సుమారు 0.7 డిగ్రీలు.

వీటిని విడదీయకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో ఒక ఊహాలెక్కలో చూడవచ్చు. ఒక సముద్రం దశాబ్దానికి 0.15 డిగ్రీల చొప్పున నిలకడగా వేడెక్కుతోందనీ, దాని మీద పదిహేనేళ్లలో అడుగు నుంచి శిఖరానికి ఒక డిగ్రీ ఎక్కి, తర్వాతి పదిహేనేళ్లలో అంతే దిగే డోలనం ఉందనీ అనుకుందాం. డోలనం ఎక్కే పదిహేనేళ్లు మాత్రమే కొలిచినవారికి మొత్తం 1.22 డిగ్రీల పెరుగుదల, అంటే దశాబ్దానికి 0.8 డిగ్రీల భయంకరమైన వేగం కనిపిస్తుంది. దిగే పదిహేనేళ్లు కొలిచినవారికి సముద్రం 0.78 డిగ్రీలు చల్లబడినట్టు తోస్తుంది. ఇద్దరి కొలతలూ సరైనవే, ఇద్దరి తీర్మానాలూ తప్పే. చేపల రాబడి లెక్కలు చాలా రేవుల్లో నలభై, యాభై ఏళ్లకు మించి లేవు కాబట్టి ఈ ప్రమాదం ఊహాలెక్కకే పరిమితమైనది కాదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. పసిఫిక్ దశాబ్ద డోలనం మొదట చేపల లెక్కల్లోంచి బయటపడింది. అలాస్కాలో సాల్మన్ చేపలు విరివిగా పడిన దశాబ్దాల్లో దక్షిణాన వాషింగ్టన్, ఒరెగాన్ తీరాల్లో అవి తగ్గడం, తర్వాత ఆ వరస తారుమారు కావడం గమనించిన మత్స్యశాస్త్రవేత్త స్టీవెన్ హేర్, ఆయన సహచరులు దాని వెనుక ఉన్న సముద్రపు తీరును 1990ల మధ్యలో గుర్తించి ఆ పేరు పెట్టారు. ఎల్‌నినో అనే పేరు కూడా పెరూ జాలరులదే. క్రిస్మస్ రోజుల్లో వచ్చే వెచ్చని ప్రవాహాన్ని వారు బాలయేసు పేరుతో పిలుచుకున్నారు.

పిల్లచేపల చావుబతుకుల లెక్క

ఒక డిగ్రీ తేడా మనిషికి పెద్దగా తెలియదు. చేప శరీరం మాత్రం చుట్టూ ఉన్న నీటి వేడినే తన వేడిగా చేసుకుంటుంది. నీరు వేడెక్కితే దాని జీర్ణశక్తి, శ్వాస, ఆకలి అన్నీ పెరుగుతాయి. అదే సమయంలో నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సముద్రపు నీరు లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు 6.2 మిల్లీగ్రాములే పట్టుకుంటుంది. అవసరం పెరిగిన వేళ అందుబాటు తగ్గుతుందన్నమాట.

అయినా పెద్ద చేప ఈదుకుంటూ మరో చోటికి పోగలదు. అసలు దెబ్బ తగిలేది గుడ్డు నుంచి అప్పుడే వెలువడిన పిల్లకు. నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే ఈ సంగతి చెప్పాడు. 1904లో పుట్టిన హెర్రింగ్ చేపల తరం ఒక్కటే ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు నార్వే వలలను నింపడం చూసి, చేపల రాబడిని నిర్ణయించేది పిల్లదశలో ఆహారం సమయానికి అందడమేనని ఆయన ప్రతిపాదించాడు.

దీన్ని చిన్న లెక్కతో చూద్దాం. ఒక తల్లి చేప 50,000 గుడ్లు పెట్టిందనీ, పిల్లలు గట్టిపడేందుకు 60 రోజులు పడుతుందనీ, ప్రతిరోజూ నూటికి 85 పిల్లలు బతికి మర్నాటిని చూస్తాయనీ అనుకుందాం. అరవయ్యో రోజుకు మిగిలేవి సుమారు మూడు. నూటికి 85 కాక 87 బతికితే మిగిలేవి దాదాపు పన్నెండు. 83 మాత్రమే బతికితే ఒక్కటి కూడా పూర్తిగా మిగలదు. రోజువారీ మనుగడలో రెండు పాళ్ల తేడా, రెండు నెలలు తిరిగేసరికి నాలుగు రెట్ల పంటగానో నిండు కరవుగానో మారుతుంది. ఆ రెండు పాళ్లను అటో ఇటో మార్చడానికి అర డిగ్రీ వేడి, ఒక వారం ఆలస్యంగా వీచిన గాలి, కాస్త పలచబడిన ప్లవకాలు (నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు) సరిపోతాయి.

కవళ్లు, నెత్తళ్లు వంటి చిన్న చేపలు రెండు మూడేళ్లకు మించి బతకవు, ఏడాదిలోపే ఈనికకు, అంటే గుడ్లు పెట్టే దశకు వస్తాయి. వరసగా రెండు తరాలు విఫలమైతే సముద్రంలో నిల్వ ఖాళీ అయినట్టే, రెండు తరాలు నిలదొక్కుకుంటే తిరిగి నిండినట్టే. పెద్ద చేపల కంటే వీటి రాబడి ఇంత ఉధృతంగా ఊగడానికి కారణం ఇదే.

పెరూ తీరం: చేదకు అందని నీరు

పెరూ తీరంలో గాలి ఏడాది పొడవునా తీరం వెంబడి ఉత్తరదిశగా వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు ఒడ్డు నుంచి దూరంగా జరుగుతుంది, దాని స్థానంలోకి లోతు నుంచి చల్లని నీరు ఉబికి వస్తుంది. దీన్ని శాస్త్రవేత్తలు అప్‌వెల్లింగ్ అంటారు, మనం అడుగునీటి ఉబుకు అనుకుందాం. ఆ నీటితో పాటు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పైకి వస్తాయి. ఎండ తగలగానే వృక్షప్లవకాలు పచ్చగా పెరుగుతాయి, వాటిని జంతుప్లవకాలు, వాటిని ఆంకోవెటా అనే నెత్తళ్ల జాతి చేప తింటాయి. ప్రపంచంలో ఒక జాతి మీద సాగే అతిపెద్ద వేట ఇదే.

ఎల్‌నినో వచ్చినప్పుడు గాలి ఆగిపోయి ఉబుకు ఆగిపోతుందని చాలాచోట్ల రాస్తారు. అది సరైన చిత్రం కాదు. తీరపు గాలి తరచుగా వీస్తూనే ఉంటుంది, నీరు ఉబుకుతూనే ఉంటుంది. మారేది అడుగున ఉన్న సరుకు. పసిఫిక్ పడమటి నుంచి తరలివచ్చిన వెచ్చని నీరు పైపొరను మందంగా చేసి, చల్లని, సారవంతమైన పొరను లోతుకు నెట్టేస్తుంది. బావిలో నీటిమట్టం పడిపోయాక అదే తాడుతో చేదను వేసినట్టు, గాలికి అందేది సారం లేని నీరే. ఉపరితలం వెచ్చగా ఉందన్న కొలత ఇక్కడ అడుగున జరిగినదానికి ఆనవాలు. వేడి కంటే ఎక్కువగా చేపను దెబ్బతీసేది ఆకలి.

పెరూ, చిలీ తీరాలు కలిపి 1970లో ఆంకోవెటా రాబడి 1.3 కోట్ల టన్నులు. 1972–73 ఎల్‌నినో తర్వాత, 1973లో అది 20 లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. 1982–83 నాటి మరింత తీవ్రమైన ఎల్‌నినో తర్వాత లక్ష టన్నుల స్థాయికి దిగింది. తిరిగి కోటి టన్నులు దాటడానికి 1990ల దాకా, అంటే రెండు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు 1997–98 సంగతి చూడండి. శతాబ్దంలోని బలమైన ఎల్‌నినోల్లో అదొకటి. 1998లో రాబడి మళ్లీ 20 లక్షల టన్నుల లోపుకు పడింది, కానీ 2000 నాటికే 1.1 కోట్లకు చేరింది. దాదాపు అంతే దెబ్బ నుంచి కోలుకోవడానికి ఒకసారి ఇరవై ఏళ్లు, మరోసారి రెండేళ్లు ఎందుకు పట్టాయి?

రెండు వివరణలు ఉన్నాయి, అవి పరస్పర శత్రువులు కావు. 1970లో నిపుణుల బృందం ఏటా 95 లక్షల టన్నులకు మించి పట్టకూడదని సూచించినా వేట అంతకు చాలా ఎక్కువగా సాగింది. నిల్వ పలచబడిన వేళ ఎల్‌నినో వచ్చింది. 1997 నాటికి వేటను ఆపే అధికారం, ఆపాలన్న మెలకువ రెండూ పెరిగాయి. ఇది మొదటి వివరణ. రెండవది దశాబ్దాల డోలనం. 1970ల మధ్య నుంచి 1990ల చివరి దాకా తూర్పు పసిఫిక్ మొత్తంగా వెచ్చని దశలో ఉంది. ఎల్‌నినో తగ్గినా వెనక్కి తిరిగి చేరాల్సిన చల్లని స్థితి అప్పుడు లేదు. 1998 తర్వాత దశ మారింది. మాంటెరీ బే పరిశోధకుడు ఫ్రాన్సిస్కో చావెజ్, ఆయన సహచరులు 2003లో ప్రచురించిన వ్యాసంలో ఈ రెండు దశలకూ నెత్తళ్ల దశ, కవళ్ల దశ అని పేర్లే పెట్టారు. వెచ్చని దశలో పెరూ తీరంలో నెత్తళ్లు తగ్గి కవళ్ల జాతి సార్డీన్లు పెరగడం వారు చూపించారు. వెచ్చని, కదలిక తగ్గిన నీటిలో ప్లవకాలు సన్నబడతాయనీ, సార్డీన్ మొప్పల జల్లెడ ఆ సన్నని మేతను పట్టగలదనీ, నెత్తళ్లకు పెద్ద పలుకులు కావాలనీ ఒక వివరణ.

పెరూ సంగతి మనకెందుకు అనుకునే తెలుగు పాఠకుడికి ఒక మాట. ఆ నెత్తళ్లలో అత్యధిక భాగం చేపపిండిగా, చేపనూనెగా మారుతుంది. రొయ్యల మేతలో చేపపిండి ముఖ్యమైన, ఖరీదైన దినుసు. దేశంలో రొయ్యల సాగుకు కేంద్రం ఆంధ్రప్రదేశ్. 2023లో తీరం వెచ్చబడి పిల్లచేపలే కనిపించడంతో పెరూ తన ప్రధాన మండలంలో మొదటి వేట సీజనును రద్దు చేసుకున్నప్పుడు ప్రపంచ విపణిలో చేపపిండి ధర ఎగబాకింది.

అదే జాతి, ఎదురు వేడి

ఇంతవరకు చదివినవారు వేడికి కవళ్లు, చలికి నెత్తళ్లు అని సూత్రం కట్టుకోవచ్చు. జపాన్ ఆ సూత్రాన్ని చెరిపేస్తుంది.

జపాన్ సార్డీన్ రాబడి 1988లో 45 లక్షల టన్నుల దరిదాపుల్లో శిఖరాన్ని తాకి, 2005 నాటికి ముప్ఫై వేల టన్నుల లోపుకు పడింది. 1930ల్లోనూ 1980ల్లోనూ జపాన్, అమెరికా పశ్చిమ తీరాల్లో సార్డీన్లు దాదాపు ఒకేసారి పెరిగి ఒకేసారి తరిగిన సంగతిని జపాన్ శాస్త్రవేత్త కవాసాకి 1983లోనే ఎత్తిచూపాడు. సముద్రానికి రెండు ఒడ్డుల్లో, ఒకరి వలతో మరొకరి వలకు సంబంధం లేని చోట్ల, ఇలా తాళం కలవాలంటే కారణం సముద్రంలోనే ఉండాలి.

కానీ దశాబ్ద డోలనపు వెచ్చని దశలో అమెరికా తీరం వెచ్చబడితే, జపాన్ వైపు నీరు చల్లబడుతుంది. అంటే కాలిఫోర్నియా సార్డీన్ వెచ్చదనంలో, జపాన్ సార్డీన్ చల్లదనంలో పెరిగాయి. జపాన్ పరిశోధకుడు తకాసుకా బృందం పిల్లచేపల చెవిరాళ్లలో రోజువారీ ఎదుగుదల వలయాలను లెక్కించి, అక్కడి సార్డీన్ పిల్లలు సుమారు 16 డిగ్రీల వద్ద, నెత్తళ్ల పిల్లలు 22 డిగ్రీల వద్ద బాగా ఎదుగుతాయని 2007లో చూపింది. మరి కాలిఫోర్నియాలో వరస ఎందుకు తలకిందులైంది? అక్కడ వెచ్చని నీరు వచ్చిందంటే ప్రవాహాలు, ఉబుకు, మేత అన్నీ కలిసి మారాయని అర్థం. జపాన్‌లో చల్లని నీరు వచ్చిందంటే కురోషియో, ఒయాషియో ప్రవాహాలు కలిసే చోటు, దాంతో పాటు మేత మండలం జరిగాయని అర్థం. థర్మామీటరు రెండు చోట్లా ఒకే భాషలో మాట్లాడదు.

నియమాల్లోకి ఎక్కిన థర్మామీటరు

ఈ కథలో అన్నిటికన్నా ఆలోచింపజేసే అధ్యాయం, నా దృష్టిలో, దక్షిణ కాలిఫోర్నియాలోని లహోయా అనే చోట స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకున్న వంతెన (ఒడ్డు నుంచి సముద్రంలోకి సాగిన పియర్) దగ్గర జరిగింది. ఆ వంతెన చివర నుంచి 1916 మొదలు రోజూ నీటి ఉష్ణోగ్రత కొలుస్తున్నారు. అక్కడ నీరు వెచ్చగా ఉన్న ఏళ్లలో సార్డీన్ పిల్లలు ఎక్కువగా నిలదొక్కుకున్నట్టు 1995లో ఒక విశ్లేషణ చూపింది. మూడేళ్లకే ఆ సంబంధం వేట నియమాల్లోకి ఎక్కింది. గడచిన మూడేళ్ల వంతెన ఉష్ణోగ్రత సగటును బట్టి, నిల్వలో ఎంత భాగం పట్టవచ్చో ఐదు నుంచి పదిహేను శాతం మధ్య నిర్ణయించే సూత్రం అది. చేపల నిర్వహణలో వాతావరణాన్ని నేరుగా చేర్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటిగా దానికి మంచి పేరు వచ్చింది.

2010లో కొత్త ఏళ్ల లెక్కలు చేర్చి మళ్లీ పరీక్షిస్తే ఆ సంబంధం నిలబడలేదు. సూత్రంలోంచి వంతెన ఉష్ణోగ్రతను తీసేశారు, తర్వాత విశాల సముద్రపు కొలతలతో మరో రూపంలో తెచ్చారు. ఇంతలో 2014–16 మధ్య ఈశాన్య పసిఫిక్‌ను అసాధారణమైన ఉష్ణతరంగం కప్పేసింది. పాత సూత్రం ప్రకారం సార్డీన్లు పోటెత్తాలి. అవి రాలేదు, 2015 నుంచి వాటి ప్రధాన వేటనే మూసివేయాల్సి వచ్చింది. చలిని ఇష్టపడతాయని పేరుబడ్డ నెత్తళ్లు మాత్రం ఆ తర్వాతి ఏళ్లలో విపరీతంగా పెరిగాయి.

ఇది ఒక్క సూత్రం దురదృష్టం కాదు. కెనడా శాస్త్రవేత్త రాన్సమ్ మయర్స్ 1998లో ఇలాంటి పాత సంబంధాలను ఎన్నింటినో కొత్త లెక్కలతో తిరగేసి, వాటిలో ఎక్కువ భాగం రెండోసారి పరీక్షకు నిలవవని చూపాడు. నిలిచినవి చాలావరకు ఒక జాతి బతకగలిగే వేడికి అంచుల్లో, అంటే దాని విస్తీర్ణపు ఉత్తర, దక్షిణ కొసల్లో ఉన్నవే. అంచున ఉన్న చేపకు ఒక డిగ్రీ చావుబతుకుల సమస్య, నడిమధ్యన ఉన్నదానికి అది అనేక కారణాల్లో ఒకటి.

వాతావరణమా, వలలా?

రాబడి పడిపోయిన ప్రతిసారీ ఈ వాదన రేగుతుంది. వేటగాళ్లు సముద్రాన్ని చూపిస్తారు, పరిరక్షకులు వలలను చూపిస్తారు. సముద్రం వైపు బలమైన సాక్ష్యం కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా అగాధపు బురదలో దొరికింది. ఆక్సిజన్ లేని ఆ అడుగున పొరలు పొరలుగా పేరుకున్న చేప పొలుసులను లెక్కించి, గత 1,700 ఏళ్లలో సార్డీన్లు కనీసం తొమ్మిదిసార్లు కూలి, లేచాయని 1992లో తేల్చారు. మరబోట్లు లేని కాలంలోనూ అవి సుమారు అరవై ఏళ్లకొకసారి ఊగాయన్నమాట.

వలల వైపు సాక్ష్యం కూడా తక్కువది కాదు. సహజంగా తగ్గే దశలోనూ అంతే జోరుగా వేట సాగితే పతనం మరింత లోతుకు పోతుంది, లేవడం ఆలస్యమవుతుంది. భారీ వేట పెద్ద, ముదురు చేపలను ముందు తుడిచేస్తుంది. ఒక చెడ్డ ఏడాదిని దాటించి మళ్లీ ఈనగలిగేవి అవే. అవి లేని నిల్వ ప్రతి ఏడాది వాతావరణానికీ నేరుగా బలవుతుంది. కాబట్టి వేట తీవ్రతే వాతావరణపు దెబ్బను పెంచుతుంది, రెండింటినీ రెండు పద్దుల్లో రాసి కూడడం కుదరదు. ప్రపంచవ్యాప్తంగా 235 చేపల నిల్వలను పరిశీలించిన 2019 నాటి అధ్యయనం, 1930 నుంచి 2010 మధ్య వేడెక్కడం వల్ల నిలకడగా పట్టగల పరిమాణం మొత్తం మీద 4.1 శాతం తగ్గిందని లెక్కగట్టింది. ఆ సగటు వెనుక లాభపడిన నిల్వలున్నాయి, జపాన్ సముద్రం, ఉత్తర సముద్రం వంటి చోట్ల బాగా నష్టపోయినవీ ఉన్నాయి. అతివేటకు గురైన నిల్వలే వేడికి ఎక్కువగా దెబ్బతిన్నాయన్నది కూడా ఆ అధ్యయనంలోని ముఖ్యాంశం.

మలబారు కవళ్ల ప్రశ్నకు తిరిగి వస్తే

కేరళ తీరంలో అడుగునీటి ఉబుకు పెరూలో లాగా ఏడాదంతా ఉండదు. నైరుతి రుతుపవనంతో వచ్చి, దక్షిణ కొస నుంచి ఉత్తరానికి పాకి, రుతుపవనంతోనే తగ్గుతుంది. నూనె కవళ్లు ఈనేది ముఖ్యంగా జూన్–ఆగస్టు మధ్య. పిల్లలు కళ్లు తెరిచే వేళకు సూక్ష్మశైవలాలు పూయాలి. వాటిలో ఫ్రాజిలేరియా ఓషియానికా అనే రకం విరివిగా ఉన్న ఏడాది కవళ్లు విరివిగా పడతాయని మన శాస్త్రవేత్తలు 1950ల్లోనే గమనించారు.

ఇక్కడ వానాకాలపు ఉపరితల ఉష్ణోగ్రత తగ్గితే ఉబుకు బలంగా ఉన్నట్టు, పెరిగితే బలహీనమైనట్టు స్థూలంగా అనుకోవచ్చు. అయితే ఉబుకు మరీ బలంగా ఉంటే లోతులోని ఆక్సిజన్ లేని నీరు కూడా ఒడ్డు దాకా వచ్చి చేపలను తరిమేస్తుంది. కాబట్టి తక్కువైతే ఆకలి, ఎక్కువైతే ఊపిరాడకపోవడం. ఏడాది సగటు ఉష్ణోగ్రతను, ఏడాది రాబడిని పక్కపక్కన పెట్టి గీసే పటాల్లో ఈ సంగతి కనిపించదు.

2012 శిఖరం తర్వాత ఏం జరిగింది? రింగు వలలతో పిల్లచేపలతో సహా భారీగా వేట సాగింది, తగ్గుదల 2013 నుంచే మొదలైంది. దాని మీద 2015 ఎల్‌నినో వచ్చి పడింది, ఈనిక దెబ్బతింది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ రెంటినీ కలిపే పతనాన్ని వివరించారు. మరో సంగతి మరచిపోకూడదు. 1994లోనూ కేరళలో కవళ్ల రాబడి ఇలాగే అడుగంటింది. అప్పటి సముద్రం ఇప్పటికంటే చల్లగా ఉండేది. కనుక 2021 పతనానికి దీర్ఘకాలిక వేడే మూలమని చెప్పేవారు 1994ను కూడా వివరించాల్సి ఉంటుంది.

తిరిగి రావడానికి కారణం కూడా అదే తర్కంలో ఉంది. సగటు సముద్రం వెచ్చగా ఉన్నా, ఈనిక వారాల్లో వాన, గాలి, ఉబుకు సరిగ్గా కుదిరితే ఒక తరం నిలుస్తుంది, పైన వేసిన లెక్క ప్రకారం కోలుకోవడం మొదలవడానికి ఒక తరం చాలు. 2024లో వచ్చినవాటిలో పొడవు తక్కువైన పిల్లచేపలు పెద్దసంఖ్యలో ఉండటం, పది సెంటీమీటర్ల కనీస పొడవు నియమం మీద మళ్లీ చర్చ లేవడం ఆ కొత్త తరానికి గుర్తులే.

తూర్పుతీరం, మరో రకం సముద్రం

బంగాళాఖాతాన్ని అరేబియా సముద్రపు లెక్కలతో చదవలేం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణల మంచినీరు ఉప్పునీటి మీద తేలికైన మూతలా పరుచుకుంటుంది. ఆ మూతను గాలి సులభంగా కలపలేదు, అందువల్ల పైపొర వేడిగానూ మేత పలచగానూ ఉంటుంది. తుఫాను వచ్చి నీటిని తిరగేసినప్పుడు కొద్దిరోజుల పాటు ప్లవకాలు పూయడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది. మన తీరంలో ఉబుకు అసలు లేదనుకోకూడదు. 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన అమెరికన్ సముద్రశాస్త్రవేత్త లఫాండ్, వానాకాలానికి ముందు నెలల్లో విశాఖ తీరాన చల్లని అడుగునీరు పైకి రావడాన్ని నమోదు చేశాడు.

ఒకప్పుడు మలబారు తీరపు సొత్తుగా ఉన్న నూనె కవళ్లు 1980ల చివరి నుంచి తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో గణనీయంగా పడుతున్నాయి. నీరు వెచ్చబడటంతో వాటికి అనువైన ప్రాంతం విస్తరించిందని ఒక వాదం. కానాగంతలు కూడా ఉత్తరానికి, లోతుకు జరిగాయని అదే వాదం చెబుతుంది. (ఈ చేప శాస్త్రీయనామం రాస్ట్రెల్లిగర్ కనగుర్తలోని రెండో మాట తెలుగే, పాట్రిక్ రస్సెల్ విశాఖ చేపల మీద 1803లో వెలువరించిన గ్రంథం నుంచి లాటిన్‌లోకి వెళ్లింది.) లోతుకు జరిగాయనడానికి ఆధారం, అడుగు ట్రాలు వలల్లో పడే కానాగంతల వాటా పెరగడం. ఇదే ఆధారాన్ని మరోలా కూడా చదవవచ్చు. ఆ కాలంలో ట్రాలు వలల నోరు ఎత్తు పెరిగింది, బోట్లు దూరం వెళ్లాయి, కనుక చేప దిగిందా, వల ఎత్తు పెరిగిందా అన్నది రాబడి లెక్కలు మాత్రమే చూసి తేల్చలేం. చెన్నై తీరంలో థ్రెడ్‌ఫిన్ బ్రీమ్ అనే చేపల ఈనిక 1980 తర్వాతి పాతికేళ్లలో వేసవి నెలల నుంచి చల్లని నెలల వైపు జరిగిందన్న పరిశీలన ఇంతకంటే గట్టిది, ఎందుకంటే అది చేప కడుపు కోసి చూసిన సాక్ష్యం. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంది. ఈనిక కాలాలు జాతిని బట్టి జరుగుతుంటే, తేదీలు స్థిరంగా ఉన్న నిషేధం ఏ చేపకు ఎంత రక్ష ఇస్తోందన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. రేవులో రోజూ టన్నులు తూచే లెక్కకు దానికి జవాబు దొరకదు, చేపల గుడ్ల సంచుల పరిశీలన ఏళ్ల తరబడి సాగాలి.

హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, ఉపగ్రహ ఉష్ణోగ్రత, పచ్చదనం కొలతల నుంచి చేపలు గుమిగూడే అవకాశమున్న చోట్లను గుర్తించి మత్స్యకారులకు పంపుతోంది. వెచ్చని, చల్లని నీళ్లు కలిసే అంచున మేత చేరుతుంది, మేత దగ్గరికి చేప వస్తుంది అన్నది అందులోని తర్కం. ఆ పటం చూసేది డిగ్రీల సంఖ్యను కాదు, పక్కపక్క నీళ్ల మధ్య తేడాను. అందుకే సముద్రమంతా ఒక డిగ్రీ వేడెక్కినా అది రేపటి వేటకు పనికొస్తుంది. వచ్చే దశాబ్దపు వేట గురించి మాత్రం అది ఏమీ చెప్పదు, అలా చెబుతానని అనలేదు కూడా. మబ్బు కమ్మిన రోజున పరారుణ చిత్రంలో నీరు కనబడదు, ఆ మేరకు పటంలోనూ ఖాళీలు మిగులుతాయి.